బొమ్మలాటలో మహాశిల్పములు

నవ్వుటకుగూడ మూలధనము కావలయును. ఎదుటివారికి దెలియని విషయమును గూర్చి యెంతటి హాస్యగాడైనను నవ్వింపజాలడు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు తెరమీదికి వచ్చి రావణుని కొలువును వెక్కిరించినప్పుడు పల్లెవారు కడుపుబ్బ నవ్వుటకు గారణము, రామాయణకథ వారికి నోటికి వచ్చినది యగుటయే. కథ నెఱుగనివానికి ఆ వెక్కిరింత వట్టి గోల. కావున ఒక జాతి వేనిని జూచి నవ్వుచున్నదో పరిశీలించినచో, ఆ జాతికి వేనితో గాఢపరిచయము గలదో తెలియును. ఈ దృష్టితో, అమెరికా టెలివిజనులో మూడు దశాబ్దములకు మించి సాగుచున్న యొక బొమ్మల ప్రహసనమును నేడు పాఠకుల ముందుంచుచున్నాము. సంపాదకీయపు పుటలో ఇట్టి వినోదమునకేమి పని యని పెద్దలు కొందఱు కనుబొమలు ముడువవచ్చును. తుదివరకు జదివిన పిమ్మట వారు తీర్పు చెప్పుదురుగాక.

'ది సింప్సన్సు' అను నీ ప్రహసనమునకు గర్త మాట్ గ్రోనింగు. ఇది 1987 ఏప్రిలులో వేఱొక వినోదకార్యక్రమము నడుమ చిన్న ముక్కలుగా మొదలై, 1989 డిసెంబరు 17వ తేదీనుండి అరగంట కథలుగా ఫాక్సు సంస్థవారిచే బ్రసారము చేయబడుచున్నది. నేటికి 750కి మించిన కథలు వెలువడినవి. కథాస్థలము స్ప్రింగుఫీల్డు అను కల్పితనగరము. అందలి జనుల మేనిరంగు పసుపుపచ్చన. కుటుంబపు యజమాని హోమరు అణువిద్యుత్కేంద్రమున నుద్యోగి. తిండిపోతు, సోమరి, ముంగోపి, అయినను దుష్టుడు గాడు. భార్య మార్జి శాంతమూర్తి. కొడుకు బార్టు ఆకతాయి. పెద్దకూతురు లీసా విద్యాపిపాసువు. చిన్నది మ్యాగీ ఇంకను పాలుమాలని పసిపాప. హోమరు, మార్జి, లీసా, మ్యాగీ అను పేర్లు గ్రోనింగు తన తండ్రికి, తల్లికి, తోబుట్టువులకు గల పేళ్లనుండియే తీసికొనెను. పరులను నవ్వులపాలు చేయుటకు ముందు తన యింటిపేరనే నవ్వు మొదలిడిన వానిని మెచ్చుకొనవలసినదే.

ఈ ప్రహసనమున ప్రపంచప్రసిద్ధములైన చిత్రములును, శిల్పములును, పురావస్తువులును పలుమాఱు తారసిల్లుచుండును. అవి అలంకారమాత్రముగా వచ్చి పోవునవి గావు. ఒక్కొక్కచోట కథ యంతయు వానిమీదనే నిలిచియుండును. అందు మూడు నాలుగింటిని వివరింతుము.

1990 డిసెంబరు 20వ తేదీన వెలువడిన కథలో పసిపాప మ్యాగీ తన తండ్రి తలపై సుత్తితో మోదును. పిల్లికిని ఎలుకకును నడుచు క్రూరపు బొమ్మలాటను టెలివిజనులో జూచి బిడ్డ యిట్లు నేర్చినదని తల్లి గ్రహించి, ఆ బొమ్మలాటపై నుద్యమము లేవదీయును. ఉద్యమము జయించును. బొమ్మలాట చప్పబడును, పిల్లలు విసిగి వీథులలోనికి ఆటలకు బోవుదురు. ఇంతలో మైకెలాంజెలో చెక్కిన దావీదు విగ్రహము దేశయాత్రలో భాగముగా ఆ నగరపు ప్రదర్శనశాలకు వచ్చునని వార్త పుట్టును. నిన్నటిదాక మార్జి వెంట నడచిన పొరుగమ్మలు పరుగుపరుగున వచ్చి, ఆ దిగంబర విగ్రహమును గూడ నిషేధింప జేయుమని ఆమెను గోరుదురు. మార్జి నిశ్చేష్టురాలగును, ఆమెకు ఆ శిల్పము మహాకళాఖండము. ఒక కళను గత్తిరింపుమని చెప్పిన నోటితో మఱియొక కళను కాపాడుమని యెట్లు చెప్పగలవని సభలో ప్రశ్నింపగా, ఆమె తన వాదము నిలువదని నిజాయితీతో ఒప్పుకొనును. కడపట భార్యాభర్తలు దావీదు నెదుట నిలిచియుండగా, పిల్లలు దీనిని విడిచి పిల్లియెలుకల కొట్లాటను జూచుచున్నారే యని ఆమె చింతించును. బడివారు పిల్లలందఱిని బలవంతముగా దీని యొద్దకు దీసికొనివచ్చుచున్నారని హోమరు ఆమె నూరడించును.

ఈ కథలోని విగ్రహమును గూర్చి పాఠకులు కొంత యెఱుగుట మంచిది. పూర్వశిల్పులు చేపట్టి విడిచివేసిన చలువఱాతిని 1501లో ఇరువదియాఱేండ్ల మైకెలాంజెలో చేకొని 1504 నాటికి దావీదుగా మలచెను. ఎత్తు సుమారు 17 అడుగులు. ఫ్లారెన్సు నగరపు చౌకునందు వానకు నెండకు నిలిచిన యీ విగ్రహమును 1873లో ఆ నగరమందలి అకాడెమియా ప్రదర్శనశాలకు జేర్చిరి. దాని దిగంబరత్వమును జూచి సిగ్గుపడినవారు స్ప్రింగుఫీల్డు స్త్రీలొక్కరే కారు. 1857లో టస్కనీ ప్రభువు దాని అచ్చుప్రతి నొకదానిని విక్టోరియా రాణికి బంపగా, అది లండనులో నేడు విక్టోరియా ఆల్బర్టు మ్యూజియముగా నున్న సంస్థకు జేరెను. రాజకుటుంబపు స్త్రీలు వచ్చినప్పుడు కొక్కెములతో దగిలించుటకై అచ్చటివారు ఒక అంజూరపాకును బ్రత్యేకముగా దయారు చేసియుంచిరి! అది రాణిగారి కాలపు మాట గదా యని తీసివేయుటకును వీలులేదు. 2023లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున నొక పాఠశాలలో ఆఱవతరగతి విద్యార్థులకు దావీదు చిత్రమును జూపినందుకు తలిదండ్రులు కొందఱు గోలచేయగా ప్రధానోపాధ్యాయిని పదవి విడువవలసి వచ్చెను. ఫ్లారెన్సు ప్రదర్శనశాలవారు ఆమెను, ఆ పిల్లలను, వారి తలిదండ్రులను మూలవిగ్రహమును జూడ రమ్మని యాహ్వానించిరి. బొమ్మలాటలో ముప్పదిమూడేండ్ల క్రిందట గల్పించిన హాస్యము పత్రికలలో నిజవార్తయై నిలిచినది. హాస్యగాండ్రు జోస్యులు గారు. వారు తమ సంఘము నెఱిగినవారు, అంతియే.

రెండవకథ 1999 ఏప్రిలు 11వ తేదీది. హోమరు ఇంటి పెరటిలో మాంసము గాల్చుటకు ఇటుకపొయ్యి కట్టబూని, ఇటుకలు, సిమెంటు, ఇనుపముక్కలు కలగలిసిన గందరగోళమును దయారుచేయును. దానిని పాఱవేయబోవుచుండగా నొక చిత్రశాలాధికారిణి చూచి, శిక్షణ లేని జనుని చేతినుండి వెలువడిన అద్భుతకళ యని కొనియాడును. రాత్రికి రాత్రి హోమరు కళాకారుడగును. రెండవసారి అట్టి గందరగోళమునే చేయగా ఎవ్వరును మెచ్చరు. స్ఫూర్తికై భార్య యతనిని ప్రదర్శనశాలకు దీసికొనిపోవును. అచ్చట నతడు నిద్రించును. ఆ కలలో చిత్రములన్నియు బ్రాణము వహించి యతనిపై బడును. రూసో వ్రాసిన నిద్రించు జిప్సీ పటములోని సింహ మతనిని లేపును. లియొనార్డో గీసిన విట్రువియసు మానవుడు తన నాలుగు చేతులతో, నాలుగు కాళ్లతో గొట్టును. పికాసో వారి ముగ్గురు వాద్యకారులు తుపాకులు పేల్చుదురు. డాలీ పటములోని కరగు గడియారములవలె అతడు కరిగిపోవును. తుదకు ఆండీ వార్హాలు సూపుడబ్బాలు విసరును.

అరనిమిషపు టీ కలలో నెంత చరిత్ర యిమిడియున్నదో చూడుడు. హెన్రీ రూసో పారిసునగరపు సుంకపు ఠాణాలో నుద్యోగి. చిత్రలేఖనము నెవరియొద్దను నేర్వలేదు. బ్రదికియున్నంతకాలము నగరవాసు లతనిని జూచి నవ్విరి. 1897లో నతడు వ్రాసిన యీ పటము నేడు న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల సొమ్ము. శిక్షణలేని హోమరు కలను రూసో పటముతో నారంభించుట యాదృచ్ఛికమని మేము తలపము. డాలీ 1931లో వ్రాసిన గడియారముల పటము తొమ్మిదిన్నర అంగుళముల యెత్తు, పదుమూడు అంగుళముల వెడల్పు మాత్రమే గలది. ప్రపంచ మంతయు నెఱిగిన యీ చిత్రము ఒక సాధారణపు పలకకంటె బెద్దది గాదు. వార్హాలు 1962లో అంగడి సూపుడబ్బాలను ముప్పదిరెండు పటములుగా వ్రాసి, అంగడి సరుకునకును గళకును నడుమ గోడ యెక్కడ నున్నదని యడిగెను. ఆ ప్రశ్నయే హోమరు కథకు మూలసూత్రము. ఇటుకల కుప్ప పెరటిలో నున్నప్పుడు చెత్త, చిత్రశాలకు బోయినప్పుడు కళ. మార్చినది వస్తువా, చూచువాని కన్నా? ప్రసిద్ధచిత్రకారుడు జాస్పరు జాన్సు తానే యీ కథలో దన పాత్రకు గొంతునొసగి, చేతికందినదెల్ల జేబులో వేసికొను దొంగగా గనబడుట కంగీకరించెను. మనదేశపు పెద్దలెందఱు తమపై నిట్టి హాస్యమును సహింపగలరో మేము చెప్పజాలము.

మేల్కొనిన హోమరు వెనిసునగరపు కాలువలను టర్నరు చిత్రించిన పటమును జూచును. బహిరంగస్థలములలో వేలకొలది గొడుగులు నాటిన క్రిస్టో యను కళాకారుని గూర్చి లీసా చెప్పగా వినును. రాత్రి వీథికుళాయిలన్నియు విప్పి ఊరిని ముంచివేయును. తెల్లవాఱి చూడగా స్ప్రింగుఫీల్డు వెనిసైయుండును. జనులు పడవలపై దిరుగుచు నానందింతురు. టర్నరు పటము హోమరువంటి మందమతిని గూడ ఒక రాత్రి కవిని జేసినది. ప్రదర్శనశాల లెందుకని ప్రశ్నించువారికి ఇంతకంటె మంచి సమాధానము మాకు దోచదు.

1998 మే 10వ తేదీ నాటి మూడవకథలో, ఈజిప్టుదేశపు నిధుల ప్రదర్శన కడపటి దినమున జూడవలెనని లీసా యొంటరిగా బస్సెక్కి దారి తప్పును. తండ్రి యామెను వెదకికొని, ప్రదర్శనశాల మూతపడియుండుటచే, దొంగదారిని లోపలికి దీసికొనిపోవును. అచ్చట 'ఐసిసు గోళము' అను వస్తువు గలదు; దాని ప్రయోజనము పండితుల కెవ్వరికిని దెలియదు. హోమరు చేయితగిలి అది విచ్చుకొని మధురముగా బాడును! ఐసిసు ఈజిప్టువారి పురాతనదేవత. గోళము మాత్రము కల్పితము. ఆ చిన్నదాని జ్ఞానతృష్ణ చూచి మేము ముచ్చట పడితిమి. కాని మాకొక ప్రశ్న తోచినది. నైలునదీతీరపు దేవతసొమ్ము స్ప్రింగుఫీల్డువంటి చోటులకు ఏ త్రోవను బోవుచున్నది? కథకు ఆ ప్రశ్నతో బనిలేదు. చూచువారి కాస్తి యొకటి, పుట్టించినవారి కాస్తి యింకొకటి. పరాయిదేశపు గాజుపెట్టెలలో దమ పూర్వుల పనితనమును జూచుకొనవలసిన జాతులకు ఈ భేదము తెలిసినంతగా ఇతరులకు దెలియదు.

ఇంతవరకు మెచ్చితిమి. ఇక మా నొప్పిని జెప్పుదుము. 1992 అక్టోబరు 8వ తేదీ కథలో హోమరు భారతీయుడైన అపు అను దుకాణదారుని అంగడిలో వినాయకుని విగ్రహమును జూచును. పరిహాసమాడి, జంతుశాలలోని యేనుగునకు వేసినట్లు ఒక వేరుసెనగపప్పు నాయనకు నివేదింపబోవును. తన దేవునకు వేరుసెనగపప్పు పెట్టవలదని అపు వేడుకొనును. న్యాయముగా జెప్పవలసిన, ఇచ్చట నవ్వులపాలగువాడు హోమరే, అపు మర్యాదస్థుడు. మనవారు వినాయకుని యుండ్రాళ్లతో, ఆయన బొజ్జతో నెన్నడును హాస్యమాడక యుండలేదు గదా. కావున దేవుని జూచి నవ్విరని మేము కినియము. మా పట్టింపు వేఱు. దావీదు విగ్రహమున కా ప్రహసనమున శిల్పి గలడు, చరిత్ర గలదు, దానికై వాదులాడు తల్లు లున్నారు. వినాయకుని విగ్రహమునకు శిల్పియు లేడు, చరిత్రయు లేదు, పప్పొక్కటే గలదు. ఒకటి కళ, రెండవది వింత. ఈ యంతరము దుర్బుద్ధివలన గాదు, అపరిచయమువలన గలిగినది.

ఆ అపరిచయము బరువును మోసినవారు అమెరికాలో బెరిగిన మన బిడ్డలు. 1990 నుండి కనబడుచు వచ్చిన అపు పాత్రకు తెల్లజాతి నటుడు హ్యాంకు అజారియా భారతీయుల యాసను వెక్కిరించు గొంతు నొసగెను. బడులలో మన పిల్లలకు ఆ గొంతే ఎత్తిపొడుపైనది. న్యూయార్కులో దెలుగు తలిదండ్రులకు జనించిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ఈ విషయముపై నొక చలనచిత్రమును వెలువరించెను. అతడు ప్రహసనమునకు విరోధి కాడు. దాని నభిమానించి పెరిగినవాడే. 2018 ఏప్రిలు కథలో కర్తలు, నాడు మెచ్చుకొన్నది నేడు తప్పైనచో నేమి చేయగలమని, విద్యావతియైన లీసా నోటనే పలికించి తప్పుకొన జూచిరి. కాని 2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు గొంతొసగుట మానుకొంటినని ప్రకటించెను. అదే సంవత్సరము జూనులో, తెల్లవారుగాని పాత్రలకు ఇక తెల్లవారిచే బలికింపమని ప్రహసనకర్తలు ప్రకటించిరి. ఒక తెలుగువాని మాట ముప్పదియేండ్ల యలవాటును గదల్చినది. కేకలతో గాదు, పరిచయముతో, హాస్యముతోనే కదల్చినది.

ఇక మనము మనవైపు చూచుకొందము. కృష్ణాతీరమున అమరావతిలో శాతవాహనులనాడు వెలిగిన మహాస్తూపపు గతి యేమైనది? 1790 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట నూతనపురమును గట్టునప్పుడు దీపాలదిన్నె త్రవ్వబడి రాళ్లు గోడలకును మెట్లకును బోయినవి. కొన్ని సున్నమునకై కాల్చబడినవి. కర్నలు మెకంజీ 1816లో మరల వచ్చి మిగిలినవానికి బొమ్మలు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన శిల్పములు మద్రాసునకు జేరి, వానిలో నూఱింటికి పైగా 1859లో లండనునకు బోయినవి. 1880 నుండి అవి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. మదపుటేనుగు నాళగిరి వీథిలో జనులను దొక్కుచు వచ్చి బుద్ధునిపాదముల మోకరిల్లిన ఘట్టమును ఒకే వలయమున జెక్కిన యద్భుతశిల్పము మద్రాసు మ్యూజియమున గలదు. గవాక్షములనుండి తొంగిచూచు స్త్రీలు, భయపడి హత్తుకొనువారు, లొంగిన యేనుగు, అన్నియు నొక్క రాతిలోనే. మన యింటి పిల్లలకు టెలివిజనుమూలమున డాలీ గడియారములు తెలిసియుండవచ్చును. ఈ యేనుగు వారిలో నెందఱికి దెలియును? రేపొక తెలుగు హాస్యకారుడు నాళగిరిని బొమ్మలాటలో బెట్టి నవ్వించబూనినచో, నవ్వువా రుందురా?

పరాయివారు దోచుకొనిరను మాట సత్యమే. కాని దోపిడికి ముందు ఉపేక్ష తలుపు తీసిపెట్టును. ప్రకాశము జిల్లా చందవరమందలి ప్రదర్శనశాలనుండి 2001లో దొంగిలింపబడిన బుద్ధారాధకుల శిల్పము ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలవఱకు బోయి, 2016లో దిరిగి మనదేశమునకు వచ్చినది. 2023లో న్యూయార్కు మెట్రొపాలిటను మ్యూజియమువారు ప్రాచీన బౌద్ధశిల్పముల ప్రదర్శన యేర్పఱచి తెలంగాణమందలి ఫణిగిరి శిల్పములను రప్పించుకొన్నప్పుడు అమెరికావారు బారులు దీరి చూచిరి. సగౌరవముగా అరువు తెచ్చి, పేరు చెప్పి చూపి, తిరిగి పంపుటయే నాగరకపద్ధతి. ఫణిగిరి సూర్యాపేట జిల్లాలోనిదే. ఈ పంక్తులు చదువువారిలో అచ్చటికి బోయి చూచినవా రెందఱో తమ హృదయములనే ప్రశ్నించుకొందురుగాక.

మేము కోరునది పెద్దపని గాదు. పొలము దున్నునప్పుడు చెక్కిన ఱాయి బయల్పడినచో దానిని గట్టునకో మెట్టునకో వాడక, తహసీలుదారునకును పురావస్తుశాఖవారికిని వెంటనే తెలుపుట భూస్వాముల విధి. పాతరబయటపడిన తెలుపవలెనని 1878 నాటి చట్టమే నిర్బంధించుచున్నది. పట్టణములందలి పెద్దలు బడిపిల్లలను అమరావతికి, నాగార్జునకొండకు, ఫణిగిరికి దోడ్కొనిపోవు ఏర్పాటు చేయవలయును. చూపించి యూరకుండిన జాలదు. అందలి కథ చెప్పగల గురువు వెంట నుండవలయును. మన చిత్రకారులు, బొమ్మలాటలవారు ఆ శిల్పములను జంకక చేపట్టి కథలలో నాడింపవలయును. అపచారమని పెద్దలు అడ్డుపడరాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాని వెక్కిరింతవలన రామాయణమునకు లోటు రాలేదు. అది పల్లెపల్లెకు బోయినది.

పిల్లలను బలవంతముగా దావీదు నెదుట నిలుపుచున్నారని హోమరు నవ్వించెను. బలవంతముగనైనను వారిని నిలుపు బడియొకటి స్ప్రింగుఫీల్డులో గలదు. మన బడి మన పిల్లలను నాళగిరి నెదుట నేనాడు నిలుపునో ఆనాడే మన శిల్పము మన నవ్వులోనికిని, మన నవ్వు లోకము లోనికిని బోవును.